కొంచెం నలతగా ఉంది, రా

కోక్-జార్,
2006 సెప్టెంబరు 10

తమ్ముడు తిలెక్‌కు,

అక్క అనార్‌కుల్ ఆశీస్సులు. మేం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను, బాగున్నాం. గొర్రెలు ఇంకా బాగున్నాయి. మీ బావ జోల్దోష్ మొన్ననే మందను కొండ మీంచి దింపుకొచ్చాడు. ఎండకీ గాలికీ ముఖం నల్లగా కమిలిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ తిని పడుకోవడం తప్ప వేరే పనిలేదు. మాటలంటావా, అవి ఆయన దగ్గర ఎప్పుడూ తక్కువే.

బడి తెరిచారు. భౌతికశాస్త్రం చెప్పే కెంజె కూడా వెళ్ళిపోయింది. మాస్కోలో ఏదో పెద్ద దుకాణంలో నేల తుడుస్తోందట. హెడ్మాస్టరు నన్ను పిలిచి, లెక్కలు చెప్పేదానివి భౌతికశాస్త్రం చెప్పలేవా అన్నాడు. రసాయనశాస్త్రం నిరుడే అంటగట్టాడు. ఇంకో ఏడాది పోతే గంట కూడా నేనే కొట్టుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఆసుపత్రి ముసలి డాక్టరు కొడుకు దగ్గర ఉంటానని కజకిస్తాన్ వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ. పోయిన వారం జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి ఊరందరినీ బడి హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు. జనవరి ఒకటి నాటికి డాక్టరు లేని చిన్న ఆసుపత్రులన్నీ మూసేస్తారట. ఒక కాంపౌండరును మాత్రం ఉంచి మంచాలు, పరికరాలు నారిన్ పెద్దాసుపత్రికి పట్టుకుపోతారట. కొత్త పథకం కూడా వచ్చిందట, పల్లెకు వచ్చే కుర్ర డాక్టర్లకు జీతం కాక పైన కొంత ఇస్తారట, మూడేళ్ళపాటు. నేను లేచి నిలబడి మా తమ్ముడున్నాడు అన్నాను. ఆయన నీ పేరు పెన్సిలుతో రాసుకున్నాడు. పెన్సిలెందుకండీ అంటే, మనిషి వచ్చాక సిరాతో దిద్దుతాం లెండి అన్నాడు.

నువ్వు చదివింది సర్కారు సీటులో. ఈ ఊళ్ళో పుట్టి డాక్టరైనవాడివి నువ్వొక్కడివే. అది గుర్తు చేయడానికే రాస్తున్నాను, దెప్పడానికి కాదు.

పక్కింటి మీరిమ్ పదకొండో తరగతికి వచ్చింది. అదే, వాళ్ళమ్మ రష్యాలో కుట్టుపని చేస్తుంది, ఇది అమ్మమ్మ దగ్గర ఉంటుంది. రోజూ సాయంత్రం లెక్కలు పట్టుకుని వస్తుంది. నీ తర్వాత అంత చురుకైనదాన్ని చూడలేదు. దానికి వైద్యం చదవాలని ఉంది.

ఎండు పెరుగుండలు పంపుతున్నాను. అందరికీ పంచిపెట్టక నువ్వు కూడా తిను.

నీ అక్క,
అనార్‌కుల్


యెకాతెరిన్‌బర్గ్,
అక్టోబరు 2

అక్కకు సలాం.

పెరుగుండలు చేరాయి. పంచొద్దన్నావు కాబట్టి పంచలేదు, వాళ్ళే లాక్కున్నారు. గదిలో ఎనిమిదిమందిమి ఉంటాం. పెద్దాయన పేరు ఎసెన్‌కుల్. మన తలాస్ వైపు బడిలో చరిత్ర చెప్పేవాడు, ఇప్పుడు కూరగాయల గోదాముకు కాపలా. ఒక ఉండ బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుని, మీ అక్కకు నూరేళ్ళు అన్నాడు.

నేను ఆ గోదామున్న మండీలోనే పెట్టెలు దింపుతున్నాను. ఇక్కడ నన్ను డాక్టర్ అనే పిలుస్తారు. ఎగతాళి కాదులే, నడుం పట్టేసినవాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. మన డిప్లొమా ఈ రష్యాలో చెల్లదు, మళ్ళీ పరీక్ష రాయాలి, దానికి ముందు ఇక్కడ ఉండే కాగితం కావాలి, ఆ కాగితానికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి డిప్లొమా కావాలి. నువ్వు చెప్పిన లెక్కల్లో ఇలాంటిది ఎక్కడా లేదు.

అక్కా, నేను నారిన్ ఆసుపత్రిలో రెండేళ్ళు చేశాను కదా. నెల జీతానికి ఒక గొర్రె వచ్చేది కాదు. చేతి తొడుగులు ఉతికి దండెం మీద ఆరేసుకునేవాళ్ళం. మందు చీటీ రాసిస్తే రోగి కొడుకు నా కాళ్ళకేసి చూసేవాడు, కొనే స్తోమత లేక. వాడి ముందు తెల్లకోటు వేసుకుని నిలబడటం కంటే పెట్టెలు మోయడం నయమనిపించి వచ్చేశాను. నువ్వు చెప్పే పథకం కొత్తదేమీ కాదు, ఇలాంటిది ఇంతకుముందూ వచ్చింది. నా స్నేహితుడొకడు నమ్మి కొండల్లోకి వెళ్ళాడు. పైన ఇస్తామన్నది కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయింది. అడిగితే పథకం మారిందన్నారట.

ఇక్కడా ఒక పథకం వచ్చింది. ఉత్తరాన ఒక గనుల పట్నం ఉంది, ఏడాదిలో సగం చీకటే. అక్కడి ఆసుపత్రికి డాక్టర్లు దొరకడం లేదు. ఐదేళ్ళు కదలనని సంతకం పెడితే డిప్లొమా ఒప్పుకుంటారు, పౌరసత్వం తొందరగా ఇస్తారు. మధ్యలో వదిలి వస్తే రెండూ పోతాయి, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. డిసెంబరు పదో తేదీలోగా చెప్పాలి. చూశావా, మన ఊరికీ డాక్టరు లేడు, వాళ్ళ ఊరికీ లేడు. మధ్యలో నేను టమాటాలు మోస్తున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అధికారి రమ్మన్నాడని ఉంది, పథకం రమ్మంటోందని ఉంది. నువ్వు రమ్మన్నట్టు ఎక్కడా లేదు. ఊరికోసం నేను రాలేను, అంత గొప్పవాణ్ణి కాను. నీకు నేను కావాలంటే చెప్పు, సంతకం పెట్టకుండా వచ్చేస్తాను. ఒక్క ముక్క చాలు.

నీ తమ్ముడు,
తిలెక్


కోక్-జార్,
అక్టోబరు 28

తిలెక్,

అమ్మ పోయాక నిన్ను తొమ్మిదేళ్ళప్పటి నుంచి సాకాను. ఎక్కాలు రాకపోతే పొయ్యి దగ్గర నిలబెట్టాను. ఇప్పుడు నా చేత బతిమాలించుకోవాలని ఉందా? సరే. నాకు నువ్వు కావాలి. రా. డిసెంబరులోపు రా, కొండ కనుమ దారి మంచుతో మూసుకుపోకముందే.

ఎందుకని అడగకు. అది కాగితం మీద పెట్టేది కాదు. శుభమే. మీ బావకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోటితో అంటే దిష్టి తగులుతుంది. వచ్చాక నువ్వే చూస్తావు.

చిన్న గదికి సున్నం వేయించాను. కొత్త బొంత కుడుతున్నాను. బావ ఎప్పుడూ లేనిది ఎర్రటి ఉన్ని అడిగి తెచ్చాడు. ఇంతకంటే రాస్తే నాకే నవ్వొస్తుంది, ఈ వయసులో ఇదేమిటని.

ఇక్కడి విశేషాలంటే, ఈ మధ్య పాఠం కూర్చుని చెబుతున్నాను. పిల్లలకు అది మహా వింతగా ఉంది. నేను కూర్చోగా ఎవరూ చూడలేదు కదా. మీరిమ్ బోర్డు మీద రాస్తుంది, నేను కుర్చీలోంచి తప్పులు పడతాను. హెడ్మాస్టరు మాత్రం కిటికీలోంచి చూసి మూతి విరుస్తాడు.

జిల్లా అధికారికి మా తమ్ముడు వస్తున్నాడని కబురు పెట్టేశాను. పరువు తీయకు.

అక్క


యెకాతెరిన్‌బర్గ్,
నవంబరు 14

అక్కా,

గదికి సున్నం, కొత్త బొంత, ఎర్రటి ఉన్ని, బయట చెబితే దిష్టి. నేను మరీ అంత వెర్రివాణ్ణా? ఎసెన్‌కుల్ పెద్దాయనకు వినిపించాను. ఆయన ఉత్తరం సగంలో ఉండగానే పిల్లది ఏ ఊరు అని అడిగాడు.

ముప్పై ఒకటి వచ్చినా పెళ్ళి కాలేదని నీకు బెంగ ఉంటుంది, కాదనను. కానీ నేను నిన్ను అడిగింది వేరే. నీకు నేను కావాలా అని మనసువిప్పి అడిగాను. నువ్వు ఎవరి పిల్లనో చూసిపెట్టుకుని, వాళ్ళకు మాట ఇచ్చేసి, డాక్టరు కుర్చీని పెళ్ళిపీటగా చేసి నన్ను కూర్చోబెడదామనుకున్నావు. నాకు ఒళ్ళు మండిందక్కా. పిల్ల తండ్రికి కూడా పెన్సిలుతోనే రాసిచ్చావా?

కూర్చుని పాఠం చెబుతున్నానంటే నవ్వొచ్చింది. నీకూ పెద్దతనం వస్తోందన్నమాట. మోకాళ్ళకు కొవ్వు రాయించుకో.

కోపంలో రాశాను, పట్టించుకోకు. కానీ పెళ్ళి కోసమైతే రాను. ఇంకేదైనా ఉంటే ఉన్నదున్నట్టు రాయి. పదో తేదీ దాకా ఎదురుచూస్తాను.

తిలెక్


కోక్-జార్,
నవంబరు 26

ఒరేయ్ డాక్టరూ,

నిన్ను చదివించి నేనేం బావుకున్నాను? ఏ చదువూ లేని మీరిమ్ అమ్మమ్మ నన్ను వీధిలో చూసి, ఒక్క మాట అడక్కుండా చేయి పట్టుకుని మంచులోంచి నడిపించింది. ఆవిడకు తెలిసింది, నీకు తెలియలేదు. పెళ్ళికూతురట!

తమ్ముడికి ఇలాంటివి రాయవలసిన ఖర్మ ఏ ఆడదానికీ రాకూడదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా నువ్వు డాక్టరువి, డాక్టరుకే రాస్తున్నాననుకుంటాను. నేను ఒట్టి మనిషిని కాను. ఆరు నెలలు నిండాయి. నలభై మూడేళ్ళ వయసులో, పెళ్ళైన పంతొమ్మిదేళ్ళకు. ఊళ్ళో వాళ్ళు అడగడం మానేసి ఎన్నేళ్ళైందో నీకు తెలుసు. నేనూ ఆశ వదిలేశాను. మొదట జబ్బనుకుని ఎవరికీ చెప్పలేదు, తర్వాత నిజమని తెలిసి ఎవరికీ చెప్పలేదు.

ఇక డాక్టరుకు చెప్పవలసినవి. కాళ్ళు వాచాయి, బావ వేసుకునే మందపాటి ఉన్ని జోళ్ళు వేసుకుని బడికి వెళ్తున్నాను. వేలికున్న వెండి ఉంగరం రాకపోతే కత్తిరించారు. పొద్దున్నే తలనొప్పి. బోర్డు వైపు చూస్తే కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతాయి. కాంపౌండరు సబీరా రక్తపోటు చూస్తానంటుంది గానీ ఆ పరికరంలో గాలి నిలవదు. మనం తాగే ఉప్పు టీ మానేసి, ఉప్పు లేని టీ తాగమంది. నారిన్‌కు వెళ్ళి పడుకోమంటే బడి ఎవరు చూస్తారు? నేను లేకపోతే పై తరగతులకు పాఠం లేదు. నువ్వు వస్తావు కదా అనే ధైర్యంతో ఉన్నాను.

నాకు భయంగా ఉంది తిలెక్. ఎప్పుడైనా ఈ మాట నా నోట విన్నావా? పథకం సంగతి, ఊరి సంగతి వదిలెయ్. మూడేళ్ళు ఉండనక్కర్లేదు. ఈ ఒక్క చలికాలం నా దగ్గరుండు. ఆ తర్వాత ఏ ఉత్తరాదికి పోతావో పో, నేనే రొట్టెలు కట్టి పంపుతాను.

కనుమ రెండు రోజులుగా మూతపడి ఉంది. టపా సంచి పోస్టాఫీసులోనే ఉందని అక్కడ పనిచేసే బర్మెత్ చెప్పింది. దారి తెరవగానే ముందు నీ ఉత్తరమే పంపుతానంది. బావ టెలిగ్రామ్ కొడతానంటున్నాడు. ఏమని కొడతావు, ఊరంతా చదివేలా నా కడుపు సంగతి రాస్తావా అని కోప్పడ్డాను. అది తప్పించి రాస్తాలే అన్నాడు.

అక్క


ఉత్తరాన గనుల పట్నం నుంచి,
డిసెంబరు 29

అక్కా,

అక్కా అని రాశాను గానీ, ఇది ఎవరు చదువుతారో నాకు తెలియదు.

నవంబరు ఇరవై ఆరున నువ్వు రాసింది ఇవాళ అందింది. ఎసెన్‌కుల్ పెద్దాయన యెకాతెరిన్‌బర్గ్ నుంచి పంపించాడు. కవరు మీద నీ చేతిరాత ఉంది. విప్పి ముందు తేదీ చూశాను. ఆ రోజున నువ్వు ఉన్నావు. బావ టెలిగ్రామ్ డిసెంబరు నాలుగున వచ్చింది. ఉత్తరం ముందు, టెలిగ్రామ్ తర్వాత. అంటే ఈ ఉత్తరాన్ని పట్టుకుని నువ్వు ఉన్నావని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు.

టెలిగ్రామ్‌లో ఏముందో నీకు తెలుసా? "అనార్‌కుల్‌కు ఒంట్లో కొంచెం నలతగా ఉంది. త్వరగా రా. జోల్దోష్." అంతే. మనవాళ్ళు చావు కబురు దూరాన ఉన్నవాడికి చెప్పరు కదక్కా. కొంచెం నలతగా ఉంది రా అంటారు. గుమ్మంలోకి వచ్చాక పెద్దలు చేయి పట్టుకుని కూర్చోబెట్టి అప్పుడు చెబుతారు. నేను మెడికల్ కాలేజీలో ఉన్నప్పుడు నాన్నకు దగ్గు వచ్చింది రమ్మన్నారు. నేను దగ్గు మందు కొనుక్కుని వచ్చాను. వాకిట్లో శవాన్ని ఉంచే డేరా వేసి ఉంది. అలా కబురు పెట్టించింది నువ్వే.

మతి పోయినా ఒకటి మాత్రం చేశాను, కోక్-జార్ పోస్టాఫీసుకు ఫోను చేశాను. బర్మెత్ ఎత్తింది. అక్క ఎలా ఉంది అంటే, బాగానే ఉంది, బాగానే ఉంది, మీరు మాత్రం రండి అంది. గొంతు బొంగురుపోయి ఉంది. ఫోను దగ్గరికి పిలవమంటే, రాలేదండీ, పడుకుని ఉంది అంది. నాన్న పోయినప్పుడు కూడా ఇవే మాటలు చెప్పారు. నువ్వు నిజంగా బాగున్నా ఆవిడ అదే చెప్పాలి, పోయినా అదే చెప్పాలి. ఏది నమ్మను?

ఎసెన్‌కుల్ పెద్దాయన టెలిగ్రామ్ చదివి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మండీలో ఉన్న మనవాళ్ళందరినీ పిలిచాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, "బాబూ, పుట్టినవాళ్ళందరూ ఆ దారినే వెళ్ళాలి. మీ అక్క ముందు వెళ్ళింది. ధైర్యం తెచ్చుకో" అన్నాడు. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. ఖురాన్ చదివించారు. గొర్రెను కొన్నారు, నూనెలో రొట్టెలు వేయించారు. అక్కా, నీ కోసం నేను గోడకు ముఖం పెట్టి గొంతెత్తి ఏడ్చాను. పక్క గదుల్లో రష్యావాళ్ళు తలుపులు కొట్టారు.

మట్టి వేయడానికి అందను, మూడో రోజుకే అంతా అయిపోతుంది. వెళ్తే పదో తేదీ దాటిపోతుంది, కాగితాలు పోతాయి. అవన్నీ కాదు, అసలు మాట చెబుతాను. నన్ను రమ్మన్నదానివి నువ్వే లేవనుకున్నాను. ఇంక ఎవరికోసం వెళ్ళాలి అనిపించింది. తొమ్మిదో తేదీన సంతకం పెట్టాను. నా పాస్‌పోర్టును ఆఫీసువాళ్ళు తీసి పెట్టుకున్నారు. పద్దెనిమిదిన ఇక్కడికి రైలెక్కించారు. ఇక్కడ నాకు ప్రసూతి వార్డు ఇచ్చారు.

ఇది చదివేది బావైతే, బావా, నన్ను క్షమించు.

నువ్వైతే, ఇక ఒక్క రోజు ఆగకు. బడి గిడి వదిలెయ్. ఆ తలనొప్పి, ఆ మిణుగురులు మామూలువి కావు. టీతో పోవు. ఏ బండి దొరికితే ఆ బండిలో నారిన్‌కు వెళ్ళి, ప్రసూతి వార్డులో పడుకోబెట్టమని పట్టుపట్టు. రక్తపోటు చూడమను. మెగ్నీషియం సూది తెలుసు వాళ్ళకు. నా పేరు చెప్పు, నన్నెరిగినవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇవాళ ఫోను చేస్తే మీ లైను మంచుకు తెగిందన్నారు. టెలిగ్రామ్ కూడా తీసుకోలేదు. ఈ ఉత్తరం తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు.

కొంచెం నలతగా ఉందని మాత్రం ఎవరిచేతా రాయించకు. నీ చేత్తో నువ్వు రాయి. ఒక లెక్క రాసి పంపినా చాలు.

తిలెక్


కోక్-జార్,
2007 ఫిబ్రవరి 18

తిలెక్,

నా చేత్తోనే రాస్తున్నాను. ఉన్నాను.

నీ ఉత్తరం జనవరి చివర్లో వచ్చింది. అప్పటికి నేను నారిన్ నుంచి ఇంటికి వచ్చేశాను. రోజూ కాస్త కాస్త చదివాను, ఒక్కసారిగా చదవలేకపోయాను. మీ బావకు వినిపించాను. "నలతగా ఉంటే నలతగా ఉందనే కదా రాస్తారు, ఇంకేమని రాయాలి?" అన్నాడు. నా కడుపు సంగతి రాయొద్దన్నది నేనే. బర్మెత్‌కు ఆ వారమంతా జలుబు. నేను నిజంగానే పడుకుని ఉన్నాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు తమ్ముడూ.

జరిగింది చెబుతాను. జనవరి రెండున లారీ వచ్చింది. మంచాలు, కాన్పు బల్ల, దీపం అన్నీ ఎక్కించుకుని పోయారు. పెన్సిలుతో నీ పేరు రాసుకున్న అధికారి కూడా వచ్చాడు. మీ తమ్ముడు రాలేదేమండీ అని మర్యాదగానే అడిగాడు. తలుపుకు తాళం వేసి తాళంచెవి సబీరాకు ఇచ్చారు. సబీరా ఆ సాయంత్రమే, లోపల ఏమీ లేని గదికి నాకీ తాళంచెవి ఎందుకు టీచర్ అని ఏడ్చింది. ఇప్పుడు ఆవిడా మాస్కోకు కాగితాలు కట్టుకుంటోంది.

తొమ్మిదో తేదీన తరగతిలో నాకు చూపు పోయింది. మీరిమ్ బోర్డు మీద రాస్తోంది, రాస్తున్న చేయి కనిపించలేదు. తర్వాత నేను నేల మీద ఉన్నాను, పిల్లలు కేకలు పెడుతున్నారు. మూర్ఛ వచ్చిందట. బావ బొగ్గు లారీవాణ్ణి కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చాడు. మీరిమ్ ఎవరు వద్దన్నా వినకుండా ఎక్కింది. కనుమ మీద మంచు తవ్వుకుంటూ వెళ్ళారు. అక్కడే నొప్పులు వచ్చాయి, అక్కడే పుట్టింది. ఆడపిల్ల. మీరిమ్ తన కోటు విప్పి చుట్టింది. కొండ దిగేలోపే పోయింది. ఒకసారి ఏడ్చిందట, నాకు వినిపించలేదు, నాకు అప్పుడు స్పృహ లేదు. ఆ ఏడుపు విన్నవాళ్ళు ముగ్గురు. ఆ లారీవాడి మీద కూడా నాకు అసూయగా ఉంది.

నారిన్‌లో డాక్టరమ్మ నువ్వు రాసిన సూదే వేసింది. రెండు వారాల ముందు వస్తే తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్ళేవాళ్ళంది. మా తమ్ముడు కూడా డాక్టరే అన్నాను. ఎక్కడ అంది. రష్యాలో అని చెప్పాను. ఆవిడ కూడా వచ్చే నెల వెళ్ళిపోతోందట.

నువ్వు క్షమించమని బావకు రాశావు, నాకు రాయలేదు. నాకు రాసినా ఏం చేస్తానో తెలియదు. నీ మీద కోపంగా ఉంది. రాలేదని కాదు. నేను పోయానని నమ్మడానికి నీకు ఒక్క వారం పట్టలేదు. గొర్రె కోసి, గోడకు ఏడ్చి, తొమ్మిదో తేదీకల్లా సంతకం పెట్టి తేలికపడ్డావు. నిన్ను ఇక్కడికి లాగుతున్న ఒక్క తాడూ తెగిందనుకుంటే, ఎక్కడో లోపల నీకు హాయిగా అనిపించలేదా? అబద్ధమైతే కొట్టిపారెయ్. నేను నిన్ను సాకినదాన్ని, నాకు తెలుసు. నాన్నకు దగ్గని కబురు పెట్టించింది నేనేనని గుర్తు చేశావు. నిజమే. మనిషి నిలబడలేడని, కూర్చోబెట్టి చెప్పాలని అలా చేస్తాం. అదీ ప్రేమతోనే చేశాను. ఇదంతా ప్రేమతోనే జరిగింది, ఏం చేసుకోను దాన్ని?

రాకు. ఇప్పుడొస్తే నిన్ను కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు. అక్కడి ఆడవాళ్ళకు కాన్పులు బాగా చెయ్. వాళ్ళేం పాపం చేశారు. డబ్బు పంపకు, పంపితే తిప్పి పంపుతాను. చిన్న గదిలో ఇప్పుడు బావ ఉన్ని మూటలు పెడుతున్నాడు.

బడికి మళ్ళీ వెళ్తున్నాను, నిలబడే చెబుతున్నాను. పోయిన వారం మీరిమ్ వచ్చింది. సర్కారు సీటు పరీక్షకు పేరు రాయించుకోవాలి, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకుంటున్నాను, మీరు సంతకం పెట్టండి టీచర్ అంది. డాక్టరై ఇక్కడికే తిరిగొస్తానంది. ఆ కనుమ మీద చూసింది కదా, అందుకే అంటోంది. మనసులో మాటే అంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఏ పిల్ల చదువుకుంటానన్నా ముందు లేచేదాన్ని నేనే. వాళ్ళ తండ్రుల ముందు కొంగు పట్టి అడిగాను.

నువ్వు కూడా ఇలాగే తిరిగొస్తానని వెళ్ళావు. నేను సంతకం పెట్టలేదు. మీ అమ్మ దగ్గరికి వెళ్ళి కుట్టుపని నేర్చుకో అన్నాను. అది నా ముఖంలోకి చూసి, మీరేనా ఈ మాట అంటున్నది అని అడిగింది. నేనే అన్నాను. అయినా సాయంత్రం పుస్తకం పట్టుకుని వచ్చింది. లోపల గడియ వేసుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు వచ్చి తలుపు తట్టింది. ఇవాళ రాలేదు.

అనార్‌కుల్